చలికాలంలో రైఫిల్ మ్యాచ్: రాయలసీమ షూటర్‌కు సమగ్ర మార్గదర్శి

మన అనంతపురంలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 15 నుంచి 17 డిగ్రీలు ఉంటుంది. మధ్యాహ్నానికి 30 దాకా పోతుంది. కర్నూలులోనూ దాదాపు ఇంతే. కడపలో ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ. ఉత్తరాది షూటర్లకు ఈ లెక్క చెబితే ఇదేం చలి అంటారు. నిజమే, వేళ్లు కొంకర్లు పోయేంత చలి మనకు లేదు. కానీ ఉదయం 7 గంటలకు మ్యాట్ మీద పడుకున్నప్పుడు ఉన్న గాలి, వెలుతురు, జాకెట్ బిగువు, తూటా వేగం 10 గంటలకు ఒక్కటీ అలాగే ఉండవు. పుష్యమాసానికి పూసంత వేసవి అని పెద్దలు ఊరికే అనలేదు. మన చలికాలపు మ్యాచ్‌లో పాయింట్లు పోయేది ఈ మార్పు దగ్గరే. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ మార్పును ముందే పసిగట్టడం, దానికి తగ్గట్టు సర్దుకోవడం గురించే.

ఇది ముఖ్యంగా ఆరుబయట రేంజ్‌లో .22 రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) మ్యాచ్ ఆడేవాళ్ల కోసం. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ వాళ్లకు అవసరమైనది వేరుగా చెప్పాను. పొజిషన్ (కాల్చే భంగిమ) అంటే ఏమిటో, స్లింగ్ (రైఫిల్‌ను చేతికి పట్టి ఉంచే పట్టీ) ఎలా కట్టుకోవాలో తెలిసినవాళ్లే చదువుతున్నారని అనుకుంటున్నాను. 2016 రియో తర్వాత ప్రోన్‌ను ఒలింపిక్స్ నుంచి తీసేశారు కదా, ఇంకా ఎందుకని కొందరు అడుగుతారు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, బోర్లా, నిలబడి కాల్చే పోటీలో) మూడో వంతు ప్రోనే. గాలి చదవడం నేర్పే బడి కూడా ప్రోనే. అది వదిలేసి మిగతా రెండు పొజిషన్లు బాగుపడాలంటే కుదరదు.

కాగితాల సంగతి ఒక్క మాటలో: 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోరు .177 దాటని, మజిల్ ఎనర్జీ (గొట్టం వదిలేటప్పటి శక్తి) 20 జౌల్స్ మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. .22కు కావాలి. లైసెన్స్, మ్యాచ్ ఎంట్రీ, గుర్తింపు కార్డు ఒకే కవర్లో పెట్టి రైఫిల్ కేసులోనే ఉంచండి.

మొదటి అడుగు: టార్గెట్ కొలతలు నోటికి రావాలి

50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. ఒక రింగు నుంచి పక్క రింగుకు 8 మిల్లీమీటర్లు. నల్లటి భాగం మొత్తం 112.4 మిల్లీమీటర్లు. తూటా అంచు తగిలినా ఆ రింగు స్కోరే వస్తుంది కాబట్టి, తూటా మధ్యభాగం టార్గెట్ కేంద్రం నుంచి సుమారు 8 మిల్లీమీటర్లు జరిగేదాకా పదిలోనే ఉంటారు. పాయింటును పదో వంతుల్లో లెక్కించే డెసిమల్ స్కోరింగ్‌లో 60 షాట్లకు గరిష్ఠం 654.0.

ఈ అంకెలు ఎందుకంటే, చలి, గాలి తెచ్చే తేడాలు కూడా మిల్లీమీటర్లలోనే ఉంటాయి. మ్యాచ్ అమ్యూనిషన్ వేగం సెకనుకు 325 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 50 మీటర్లు పోయేలోగా తూటా దాదాపు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. చలికి ఆ వేగం సెకనుకు 5 మీటర్లు తగ్గిందనుకోండి, తూటా ఇంకో 4 మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే మీకున్న వెసులుబాటులో సగం. మీరు బాగానే కాల్చారు, ట్రిగ్గర్ శుభ్రంగా వదిలింది, అయినా 10.6 రావలసింది 10.1 వస్తుంది. కారణం తెలియకపోతే షూటర్ తన పొజిషన్‌నే అనుమానించి దాన్ని కెలుకుతాడు. అక్కడినుంచి మ్యాచ్ చెడుతుంది.

రెండో అడుగు: నెల ముందు నుంచే డైరీ

కార్తీకం దాటగానే ప్రాక్టీస్ వేళ మార్చండి. సాయంత్రం 4 గంటలకు కాల్చి అలవాటుపడినవాళ్లు ఉదయం 7:30 రిలేలో (విడతలో) కొత్తవాళ్లలా తడబడతారు. వారంలో కనీసం రెండు రోజులు పొద్దున్నే, ఒక రోజు 10 గంటల తర్వాత కాల్చండి. మ్యాచ్‌లో ఏ రిలే పడుతుందో మన చేతిలో ఉండదు కాబట్టి రెండు వేళలూ తెలిసుండాలి.

డైరీలో పెద్ద పెద్ద రాతలు అక్కర్లేదు. ఒక్క వరుస చాలు: టైమ్, ఉష్ణోగ్రత, గాలి ఏ వైపు నుంచి, ఆకాశం ఎలా ఉంది, సైట్ (గురి చూసే పరికరం) ఎన్ని క్లిక్కులు ఎటు తిప్పారు, గ్రూప్ (షాట్ల గుంపు) ఎక్కడ పడింది. ఉదాహరణకు ఇలా రాస్తారు (జీరో అంటే షాట్ కేంద్రంలో పడే సైట్ సెట్టింగు): "7:20, 16 డిగ్రీలు, గాలి లేదు, పలుచటి మంచు. మామూలు జీరో కన్నా 2 క్లిక్కులు పైకి. 9:40, 25 డిగ్రీలు, కుడి ముందు నుంచి గాలి, ఎండ. ఆ 2 క్లిక్కులు వెనక్కి, కుడికి 3." నెల తిరిగేసరికి మీ రైఫిల్, మీ అమ్యూనిషన్, మీ కన్ను కలిసి చలికి ఎలా స్పందిస్తాయో ఒక పట్టిక తయారవుతుంది. పక్కవాడి పట్టిక మీకు పనికిరాదు. మీ సైట్ ఒక క్లిక్కుకు 50 మీటర్ల దగ్గర ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో కాగితం టార్గెట్ మీద కాల్చి కొలిచి, డైరీ మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసుకోండి.

మ్యాచ్‌కు వాడబోయే అమ్యూనిషన్ లాట్‌ను (ఒకే విడతలో తయారైన తూటాలను) కూడా ఈ నెలలోనే తేల్చుకోవాలి. ఎండాకాలంలో బాగా గ్రూప్ ఇచ్చిన లాట్ చలిలో పొద్దున పూట పైకీ కిందికీ సాగవచ్చు. పరీక్ష ఉదయం వేళే చేయండి. నిలువుగా సాగని లాట్‌ను ఎంచుకోండి. పక్కకు సాగితే అది గాలి పని కావచ్చు. గాలి లేని పూట గ్రూప్ నిలువుగా సాగుతుంటే మాత్రం ముందు అనుమానించాల్సింది అమ్యూనిషన్‌నే.

మూడో అడుగు: జాకెట్, లోపలి బట్టలు

చలికి షూటింగ్ జాకెట్ బిగుసుకుంటుంది. కాన్వాస్, తోలు పొద్దున రేకులా ఉండి, ఒంటి వేడికి, ఎండకి గంటలో మెత్తబడతాయి. దీనితో రెండు చిక్కులు.

ఒకటి ఎక్విప్‌మెంట్ కంట్రోల్, అంటే మ్యాచ్‌కు ముందు జాకెట్, పరికరాల తనిఖీ. అంతర్జాతీయ నియమాల ప్రకారం జాకెట్ బట్ట మందం ఒక పొరకు 2.5 మిల్లీమీటర్లు, రెండు పొరలకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. బిగువు కొలిచే పరికరంలో కనీసం 3 మిల్లీమీటర్లు వంగాలి. అంచున పాసయ్యే జాకెట్ చలి ఉదయం ఫెయిల్ కావచ్చు. ముందు రాత్రి దాన్ని చల్లటి గదిలోనో, వాకిట్లో వాహనం డిక్కీలోనో పెట్టకండి. పడుకునే గదిలోనే వేలాడదీయండి. పరీక్షకు ముందు కాసేపు వేసుకుని తిరగండి. ముందు గుండీలు పెట్టాక కూడా జాకెట్ 70 మిల్లీమీటర్లు ఒకదాని మీదికి ఒకటి రావాలనే నియమం ఉంది. లోపల స్వెట్టర్ వేస్తే ఆ మేరకు జాగా పోతుంది.

రెండోది పొజిషన్. జాకెట్ మెత్తబడేకొద్దీ మోచేయి కాస్త జారుతుంది, స్లింగ్ ఒక పిసరు వదులవుతుంది, రైఫిల్ కిందికి దిగుతుంది. దీని గురించి మ్యాచ్ భాగంలో చెబుతాను.

జాకెట్ కింద ఏం వేసుకోవాలి? ఒంటికి అతుక్కునే పలుచటి నూలు బనియన్, దానిమీద పలుచటి ఫుల్ చేతుల టీషర్ట్. మన జిల్లాల్లో ఇంతకన్నా అవసరం లేదు. లోపలి బట్టలకు కూడా 2.5, 5 మిల్లీమీటర్ల పరిమితే వర్తిస్తుంది. అసలు సంగతి ఏమిటంటే, నెలంతా ఏ బట్టలతో ప్రాక్టీస్ చేశారో మ్యాచ్‌కూ అవే ఉండాలి. చలి వేస్తుందని ఆ పొద్దున అమ్మ ఇచ్చిన ఉన్ని స్వెట్టర్ లోపల తొడుక్కుంటే భుజం దగ్గర బట్ ప్లేట్ (రైఫిల్ వెనక చివర) కూర్చునే చోటు మారిపోతుంది. ఆ స్వెట్టర్‌ను రేంజ్‌కు వచ్చేదాకా పైన వేసుకోండి. తల, మెడ, పాదాలు వెచ్చగా ఉంచుకుంటే చేతులు కూడా త్వరగా చల్లబడవు.

నాలుగో అడుగు: రైఫిల్, తూటాలు

బోల్ట్‌కు, ట్రిగ్గర్‌కు నూనె ఎక్కువ పూసే అలవాటు చాలామందికి ఉంది. చలికి నూనె చిక్కబడుతుంది, దుమ్ము పడితే ముద్దవుతుంది. సీమలో దుమ్ముకు కొదవ లేదు. బోల్ట్ కదిలే చోట వేలితో తుడిచినంత నూనె చాలు. ట్రిగ్గర్ లోపల మీరు నూనె వేయకండి, తెలిసినవాళ్లతో శుభ్రం చేయించండి. మ్యాచ్ వారంలో ట్రిగ్గర్ బరువు మార్చొద్దు.

బ్యారెల్ శుభ్రం చేశాక మొదటి కొన్ని షాట్లు ఎక్కడ పడతాయో నమ్మలేం. చలి ఉదయం ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి మ్యాచ్ ముందు రోజు శుభ్రం చేయదలిస్తే ఆ తర్వాత కొన్ని రౌండ్లు కాల్చి బ్యారెల్‌ను దారికి తెచ్చే వీలుండాలి. వీలు లేదంటే శుభ్రం చేయకపోవడమే మేలు.

తూటాల విషయంలో మన దగ్గర జాగ్రత్త పడాల్సింది చలి కన్నా ఎండ గురించి. 7 గంటలకు నీడలో పెట్టిన అమ్యూనిషన్ బాక్స్ మీదికి 9 గంటలకు ఎండ వస్తుంది. నల్ల ప్లాస్టిక్ బాక్స్ అయితే తూటా మీది మైనం మెత్తబడి దుమ్ము పట్టుకుంటుంది, తూటా వెచ్చబడి వేగం పెరుగుతుంది, షాట్లు పైకి పోతాయి. బాక్స్ మీద తెల్లటి చేతి రుమాలు కప్పండి. జేబులో పెట్టుకుని ఒంటి వేడికి వెచ్చబెట్టడమూ వద్దు. 60 రౌండ్లూ ఒకే వేడిలో ఉండటమే కావాలి. అలాగే గాలి కోసం ఆగాల్సి వచ్చినప్పుడు రౌండ్‌ను చాంబర్‌లో (తూటా కూర్చునే గూటిలో) ఉంచి ఎదురుచూడకండి. 30 షాట్లు దాటాక చాంబర్ వేడిగా ఉంటుంది, ఎక్కువసేపు అందులో కూర్చున్న తూటా పైకి పడుతుంది.

ఐదో అడుగు: ముందు రాత్రి, మ్యాచ్ ఉదయం

రాత్రి తొందరగా తిని పడుకోండి. పొద్దున మ్యాచ్‌కు కనీసం రెండు గంటల ముందు తేలికగా ఏదైనా తినాలి. ఖాళీ కడుపుతో చలిలో పడుకుంటే వణుకు పుడుతుంది. ఉగ్గాని తినండి, పక్కన మిరపకాయ బజ్జి మాత్రం మ్యాచ్ అయ్యాకే. ప్రోన్‌లో బోర్లా పడుకుంటాం కదా, నూనె బజ్జీ కడుపులో ఉంటే ప్రతి ఊపిరికీ పైకి తన్నుతుంది. రాగి జావ బాగా పనిచేస్తుంది. టీ, కాఫీ రోజూ తాగేవాళ్లు ఎప్పటి మోతాదే తాగండి. చలిగా ఉందని రెండో గ్లాసు తాగితే గుండె దడ సైట్‌లో కనిపిస్తుంది.

చలిలో మూత్రం ఎక్కువ వస్తుంది, ఇది శరీర ధర్మం. అందుకని నీళ్లు మానేయకండి. మానేస్తే కళ్లు పొడిబారతాయి. కొద్దికొద్దిగా తాగి, జాకెట్ తొడుక్కునే ముందు ఒకసారి వెళ్లొస్తే సరిపోతుంది. చిన్న విషయంలా ఉంటుంది గానీ, 50 నిమిషాల మ్యాచ్‌లో 35వ నిమిషాన ఇది గుర్తొస్తే చివరి షాట్లన్నీ తొందరలో పోతాయి.

ఆరో అడుగు: రేంజ్‌కు చేరాక

గంటన్నర ముందు చేరుకోండి. రైఫిల్‌ను నియమం ప్రకారం సేఫ్టీ ఫ్లాగ్‌తో, బయటి గాలి తగిలేలా, ఎండ పడని చోట ఉంచండి. లోహం, సైట్ అద్దాలు బయటి వేడికి సర్దుకోవాలి. తెల్లవారి మంచు పడి ఉంటే మ్యాట్ కింద ప్లాస్టిక్ పట్టా వేసుకోండి. తడి మ్యాట్ మీద మోచేయి జారుతుంది.

ఒళ్లు వెచ్చబడటానికి చురుగ్గా నడవండి, చేతులు భుజాల నుంచి తిప్పండి. ఆయాసం వచ్చేదాకా వద్దు. మీ పేరు పిలిచే సమయానికి 20 నిమిషాల ముందే ఆపేసి ఊపిరి కుదుటపడనివ్వండి. ట్రిగ్గర్ చేయి జేబులో ఉంచండి. వేలి కొస చల్లబడితే ట్రిగ్గర్ మొదటి స్టేజ్ (తేలిగ్గా కదిలే మొదటి భాగం) ఎక్కడ ఆగిందో తెలియదు. అలా మొద్దుబారిన వేలితో రైఫిల్ లోడ్ చేయడం ప్రమాదం కూడా. ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చుకుని గ్లాసు పట్టుకుంటే చాలు, రెండు నిమిషాల్లో స్పర్శ తిరిగొస్తుంది.

ఏడో అడుగు: సైటింగ్ 15 నిమిషాలు

ప్రిపరేషన్, సైటింగ్ కలిపి 15 నిమిషాలు ఇస్తారు. ఎన్ని సైటర్లయినా (స్కోరుకు లెక్కించని షాట్లు) కాల్చుకోవచ్చు. మ్యాచ్ మొదలయ్యాక సైటర్లు ఉండవు. ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే 60 షాట్లకు 50 నిమిషాలు, కాగితం టార్గెట్లయితే గంట.

చలి ఉదయం ఈ 15 నిమిషాల్లో మూడు పనులు ఈ వరుసలోనే జరగాలి. ముందు పొజిషన్: రైఫిల్ పట్టి, కళ్లు మూసి, రెండు సార్లు ఊపిరి వదిలి, కళ్లు తెరిచినప్పుడు సైట్ నల్లటి గుండు మీదే ఉందా చూడండి. లేకపోతే చేత్తో లాగకుండా తుంటిని, ఎడమ మోచేతిని జరిపి సరిచేయండి. ముంజేయి నేలకు 30 డిగ్రీల కన్నా కిందికి దిగకూడదని నియమం ఉంది. జాకెట్ మెత్తబడ్డాక దిగే అవకాశం ఉంది కాబట్టి మొదట్లో కాస్త ఎత్తుగానే పెట్టుకోండి. తర్వాత బ్యారెల్: ఐదారు షాట్లు స్కోరు పట్టించుకోకుండా వేడెక్కడానికి కాల్చండి, వాటిని చూసి క్లిక్కులు తిప్పకండి. ఆ తర్వాతే జీరో: డైరీ చెప్పిన క్లిక్కులు పెట్టి, కనీసం మూడు షాట్ల గ్రూప్ చూసి సర్దండి. ఒక్క షాట్ చూసి సైట్ తిప్పేవాళ్లు మ్యాచ్ అంతా తిప్పుతూనే ఉంటారు.

సమయం మిగిలితే గాలి మారినప్పుడు కావాలనే రెండు సైటర్లు కాల్చండి. ఆ గాలికి షాట్ ఎంత జరుగుతుందో ఇప్పుడే చూసుకుంటే, మ్యాచ్‌లో పాయింట్లు పెట్టి నేర్చుకోవాల్సిన పని ఉండదు.

ఎనిమిదో అడుగు: గాలి

నా అభిప్రాయంలో చలికాలపు ప్రాక్టీస్ సమయంలో సగం దీనికే పోవాలి.

50 మీటర్ల దగ్గర సెకనుకు ఒక మీటరు వేగంతో వీచే పూర్తి అడ్డగాలి తూటాను సుమారు 5 నుంచి 6 మిల్లీమీటర్లు పక్కకు తోస్తుంది. సెకనుకు ఒక మీటరు గాలి అంటే ముఖానికి తగిలీ తగలనంత. అంత చిన్న గాలికే నడిమధ్య పది కాస్తా అంచు పది అవుతుంది. ఇంకొంచెం పెరిగితే తొమ్మిది. పక్కకు తోయడమే కాదు, తూటా కుడివైపుకు తిరుగుతూ పోతుంది కాబట్టి కుడి నుంచి వచ్చే గాలికి ఎడమకు, కాస్త పైకి పోతుంది. ఎడమ నుంచి వచ్చే గాలికి కుడికి, కాస్త కిందికి పోతుంది. గడియారం ముఖంలో చెప్పాలంటే 10 గంటలకూ 4 గంటలకూ మధ్య గీత గీసినట్టు. అందువల్ల గాలి మారినప్పుడు పక్క క్లిక్కులు మాత్రమే తిప్పితే సరిపోదు.

రేంజ్‌లో 10 మీటర్లు, 30 మీటర్ల దూరంలో ఫ్లాగులు ఉంటాయి. 5 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు గుడ్డ పీలికలవి. కొత్తవాళ్లు గుడ్డ ఎటు ఊగుతుందో చూస్తారు. దాని కొసను చూడండి. గాలి లేచేటప్పుడు ముందు కొస వణుకుతుంది, తర్వాత అది పైకి లేస్తుంది, చివరికి గుడ్డంతా కదులుతుంది. కొస వణికినప్పుడే ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీస్తే మిగతాది చూసే పని ఉండదు. 10 మీటర్ల ఫ్లాగుకు ఎక్కువ బరువివ్వండి. మొదట్లోనే పక్కకు నెట్టిన తూటా మిగతా దూరమంతా అదే వాలులో పోతుంది.

మన చలికాలపు ఉదయానికి ఒక నడక ఉంది. రాత్రి నేల చల్లబడి, దాని మీద చల్లగాలి పొరలా నిలుస్తుంది. 7 గంటలకు రేంజ్ గోడ అవతల చేలో ఎవరైనా చలిమంట వేస్తే దాని పొగ చూడండి. నిట్టనిలువునా చెట్టెత్తు లేచి, అక్కడ ఆగి చాపలా పరుచుకుంటుంది. పొగ అలా పరుచుకున్నంతసేపూ కింద గాలి దాదాపు ఉండదు. అది మీకు దొరికిన మంచి సమయం, ఆలస్యం చేయకుండా వరుసగా కాల్చేయండి. పొద్దెక్కి నేల వేడెక్కగానే ఆ పొర చెదురుతుంది, పొగ ఒకవైపు వాలుతుంది. ఇక కాసేపట్లో రేంజ్‌లోకి గాలి వస్తుంది. పొగ వాలిన వైపే ఫ్లాగులూ తిరుగుతాయి. దూరాన కనిపించే గాలిమరలను మాత్రం నమ్మకండి. అవి చాలా ఎత్తు మీది గాలికి తిరుగుతాయి, మీ తూటా పోయేది నేలకు అడుగున్నర ఎత్తులో.

ఈ కాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. ఉత్తరం వైపు కాల్చే రేంజ్ అయితే అది మీకు కుడి ముందు నుంచి తగులుతుంది. పూర్తి అడ్డగాలి తోసే దానిలో సుమారు 70 శాతం తోస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. ఆ గాలి కాస్త ఉత్తరానికి తిరిగితే తోపు దాదాపు సున్నా అవుతుంది, కాస్త తూర్పుకు తిరిగితే పూర్తి బలం వస్తుంది. గాలి వేగం మారలేదు, చెంపకు అంతే తగులుతోంది, షాట్ మాత్రం అటూ ఇటూ పోతుంది. ఎదురుగాలి అని ధీమాగా ఉండకండి. ఫ్లాగ్ కోణం మారిందా లేదా అని ప్రతి షాట్‌కూ చూడాలి.

ఎలా ఆడాలి అంటే, సైటింగ్‌లో ఏ గాలి ఎక్కువసేపు నిలుస్తుందో కనిపెట్టి దానికి జీరో పెట్టండి. ఆ గాలి ఉన్నప్పుడే కాల్చండి, లేనప్పుడు రైఫిల్ దించి భుజానికి విశ్రాంతినివ్వండి. 50 నిమిషాలకు 60 షాట్లంటే సగటున షాట్‌కు 50 సెకన్లు. గాలి కుదిరినప్పుడు 25, 30 సెకన్లకొకటి కాల్చగలిగితే, కుదరనప్పుడు ఆగడానికి కావలసినంత సమయం మిగులుతుంది. వేగంగా, అయినా తొందరపడకుండా కాల్చే అలవాటు ప్రాక్టీస్‌లోనే రావాలి. గాలి మారి ఇక పాతదానికి రాదని తేలినప్పుడు క్లిక్కులు తిప్పండి. గురిని పక్కకు పెట్టి కాల్చడం కన్నా అదే మేలు.

వెలుతురు, ఎండమావి

పొద్దున మబ్బు వెలుతురులో ముందు సైట్ రింగును కొంచెం పెద్దది పెట్టుకోండి. నల్లటి గుండు చుట్టూ తెల్లటి అంచు స్పష్టంగా కనబడాలి. ఇరుకు రింగుతో గుండు అంచు మసకబారి కన్ను అలసిపోతుంది. వెనక ఐరిస్‌ను (సైట్ రంధ్రాన్ని) ఎండ వచ్చేకొద్దీ సన్నం చేయండి. వెలుతురు పెరిగితే షాట్ ఎత్తు మారుతుంది. ఎటు, ఎంత అన్నది ఒక్కో కంటికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి డైరీయే మీకు ఆధారం. చలికాలపు సూర్యుడు దక్షిణానికి వాలి తక్కువ ఎత్తులో ఉంటాడు. ఉత్తరం వైపు కాల్చేటప్పుడు ఉదయం ఎండ వెనక కుడివైపు నుంచి వచ్చి వెనక సైట్ మీద మెరుస్తుంది. టోపీ అంచుతో ఆ మెరుపు ఆపండి.

9:30 తర్వాత నేల మీద గాలి అలలు అలలుగా లేస్తుంది. స్పాటింగ్ స్కోప్‌ను (టార్గెట్ చూసే దుర్భిణిని) టార్గెట్ కన్నా కాస్త దగ్గరికి ఫోకస్ చేస్తే ఆ అలలు ఎటు పారుతున్నాయో కనిపిస్తుంది. పక్కకు పారుతుంటే ఫ్లాగ్ కన్నా ముందే గాలి సంగతి చెబుతుంది. పారకుండా నిలువునా ఉడుకుతుంటే గాలి వైపు మార్చబోతోందని అర్థం, అప్పుడు కాల్చకండి.

మ్యాచ్ మధ్యలో

20 షాట్లు, 40 షాట్లు అయ్యాక కళ్లు మూసి పొజిషన్ మళ్లీ సరిచూసుకోండి. జాకెట్ మెత్తబడి రైఫిల్ దిగివుంటే షాట్లు కిందికి పోతాయి. అప్పుడు క్లిక్కులు పైకి తిప్పాలనిపిస్తుంది. ముందు స్లింగ్ ఒక రంధ్రం బిగించి చూడండి. కారణం పొజిషన్‌లో ఉంటే సైట్ తిప్పినా మళ్లీ పదిహేను షాట్లకు అదే సమస్య వస్తుంది. చెమట పడుతుంటే రైఫిల్ దించి గ్లవ్ లోపల, నుదురు తుడుచుకోండి. టైమ్ ఉంది, టెన్షన్ పడకండి.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ వాళ్లకు

హాల్లో గాలి ఉండదు, కానీ పది రింగు అర మిల్లీమీటరే. చలి ఇక్కడ రెండు చోట్ల తగులుతుంది. సిమెంటు నేల మీద పాదాలు, పిక్కలు చల్లబడితే నిలకడ పోతుంది. కాబట్టి మీ వంతు వచ్చేదాకా బూట్లు విప్పి చల్లటి నేల మీద నిలబడకండి. మందం సాక్సులు కొత్తగా వేసుకోకండి, బూటు పట్టు మారుతుంది. రెండోది రైఫిల్ గాలి సిలిండర్. 30 డిగ్రీల్లో 200 బార్ నింపిన సిలిండర్ 10 డిగ్రీల గదిలో 187 చూపిస్తుంది, లీకని కంగారుపడకండి. సిలిండర్ మీద ముద్రించిన గడువు ఏడాది మాత్రం మ్యాచ్‌కు ముందే చూసుకోండి. అది దాటివుంటే బాధ్యత షూటర్‌దే.

ఢిల్లీకి వెళ్లాల్సి వస్తే

జాతీయ స్థాయికి అర్హత సాధిస్తే డిసెంబరులో తుగ్లకాబాద్‌లోని కర్ణీసింగ్ రేంజ్‌లో ఆడాల్సి రావచ్చు. 1982 ఆసియా క్రీడల కోసం కట్టిన రేంజ్ అది. అక్కడ ఆ రోజుల్లో ఉదయం 6 నుంచి 10 డిగ్రీలు, పైన పొగమంచు. అనంతపురం నుంచి కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రుల ప్రయాణం, మంచుకు ఉత్తరాదిలో రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మ్యాచ్‌కు మూడు రోజుల ముందు దిగేలా టికెట్ చేయించండి. ఒంటికీ రైఫిల్‌కూ ఆ చలి అలవాటు కావాలి.

అక్కడ ఒంటికి పట్టే పలుచటి థర్మల్స్ తప్పదు. వాటిని ఇక్కడే, జాకెట్ కింద వేసుకుని కనీసం నాలుగైదు ప్రాక్టీసులు చేసి వెళ్లండి. చెమట పడుతుంది, భరించండి. రేంజ్ నుంచి వెచ్చటి గదికి వచ్చాక రైఫిల్ కేసు వెంటనే తెరవకండి. చల్లటి లోహం మీద గదిలోని తేమ నీటి చుక్కలై పేరుకుంటుంది. గంట ఆగి తెరిచి, బ్యారెల్ బయట, బోల్ట్, సైట్ లోపల పొడి గుడ్డతో తుడవండి. పొగమంచు పూట టార్గెట్ మసకగా కనిపిస్తే ముందు రింగు ఇంకో సైజు పెంచండి. అక్కడి గాలికి, వేగానికి మన డైరీ అంకెలు సరిపోవు, ప్రాక్టీస్ సెషన్ దొరికిన ప్రతిసారీ కొత్త వరుస రాయండి.

మ్యాచ్ అయ్యాక

జాకెట్, ప్యాంటు లోపల చెమట ఉంటుంది. మడిచి బ్యాగులో కుక్కితే రాత్రికి తేమ పట్టి, మరుసటి పొద్దునకు ఇంకా బిగుసుకుంటాయి. నీడలో, గాలి తగిలేలా వేలాడదీయండి. సైట్‌ను మామూలు జీరోకు తిప్పేముందు మ్యాచ్‌లో చివరికి ఎక్కడ ఉందో డైరీలో రాయండి. ఆ రాసే పని స్కోరు బోర్డు చూడకముందే చేయండి. స్కోరు చూశాక రాసేదానిలో గాలి, వెలుతురు పోయి సంతోషమో బాధో మిగులుతుంది. పక్క లేన్‌లో బాగా కాల్చినవాళ్లు ఉంటే ఎన్ని గంటలకు గాలి మారిందని వాళ్లు గమనించారో అడగండి, మన షూటర్లు దాచుకోరు. ఆ టైమ్ కూడా అదే వరుసలో రాసుకోండి.